గ్లాసెడు బియ్యం బరువెంత?

పిల్లలూ! మీ ఇంట్లో అన్నం వండటానికి బియ్యం దేనితో కొలుస్తారు? కొందరిళ్ళలో గ్లాసుతో కొలుస్తారు. పాత సామాను దాచుకున్న ఇళ్ళలో సోలతోనో, తవ్వతోనో కొలుస్తారు. కాని కొట్లో బియ్యం కొనేది కిలోల లెక్కన. కొనేటప్పుడు బరువు, వండేటప్పుడు కొలత! ఈ రెంటికీ లంకె ఏమిటో చూద్దాం.

200 మిల్లీలీటర్లు పట్టే గ్లాసు ఒకటి తీసుకోండి. దాని నిండా నీళ్ళు పోసి తూస్తే, గ్లాసు బరువు పోను, 200 గ్రాములుంటాయి. అదే గ్లాసు నిండా బియ్యం పోసి, పైన చేత్తో సమంగా తుడిచి తూస్తే? సుమారు 165 గ్రాములే ఉంటాయి.

చిత్రమేమిటంటే, బియ్యపుగింజ నీటికంటె బరువైనది. అందుకే గదా నీళ్ళలో వేస్తే మునుగుతుంది! మరి గ్లాసెడు బియ్యం గ్లాసెడు నీళ్ళకంటె తేలిక ఎలా అయినాయి? గింజకూ గింజకూ మధ్య సందులున్నాయి. ఆ సందుల నిండా గాలి ఉన్నది. నమ్మకం లేకపోతే, నిండు గ్లాసు బియ్యంలో మెల్లగా నీళ్ళు పొయ్యండి. అంచుదాకా రావటానికి అర గ్లాసుకు కొంచెం తక్కువ నీళ్ళు పడతాయి. అంత చోటూ గాలిదే అన్నమాట! (ఆ బియ్యం పారబొయ్యకండి, అమ్మకిస్తే వండేస్తుంది.)

ఈ సందులు ఎప్పుడూ ఒక్కలాగా ఉండవు. గ్లాసును నాలుగుసార్లు బల్లమీద తట్టండి. బియ్యం కిందికి దిగి, ఇంకొన్ని పడతాయి. కొలిచేటప్పుడు ఎప్పుడూ ఒకే తీరుగా కొలవాలనేది ఇందుకే.

పూర్వం నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. కాని ఒక ఊరి సోల మరో ఊరి సోలతో సరిపోయేది కాదు. 1956లో చట్టం చేసి, దేశమంతటికీ ఒకే మెట్రిక్ పద్ధతి తెచ్చారు. అయినా పాత కొలతలు పూర్తిగా పోలేదు. కరెంటు కుక్కరుతో వచ్చే చిన్న కప్పు చూశారా? అది మామూలుగా 180 మిల్లీలీటర్లది. జపాను వారి ‘గో’ అనే పాత కొలత అది! అందులో సుమారు 150 గ్రాముల బియ్యం పడతాయి.

ఇదంతా ఎందుకంటారా? వినండి. 2013 నాటి ఆహార భద్రతా చట్టం ప్రకారం ప్రాధాన్య కుటుంబాలకు తలకు నెలకు 5 కిలోల బియ్యం వస్తాయి. ఇంట్లో నలుగురుంటే 20 కిలోలు. మన గ్లాసుతో కొలిస్తే కిలోకు ఆరు గ్లాసులు, 5 కిలోలకు 30 గ్లాసులు. అంటే మనిషికి రోజుకు సరిగ్గా ఒక గ్లాసు!

ఇప్పుడు గ్లాసును సమంగా తుడవకుండా గుట్టగా పోశారనుకోండి. ఆ గుట్టలో సుమారు 20 గ్రాములుంటాయి. నాలుగు గ్లాసులకు 80 గ్రాములు. నెలకు 2 కిలోల 400 గ్రాములు! నెల వెళ్ళటానికి మూడు రోజుల ముందే డబ్బా అడుగు కనిపిస్తుంది. ఆకలికి చాలకపోతే ఎక్కువే వండాలి, తప్పులేదు. కాని ఎంత వండుతున్నామో తెలిసి వండితే, నెలాఖరున తడుముకోనక్కరలేదు.

ఎసటికి మాత్రం ఈ తూకాలేవీ అక్కరలేదు. బియ్యం కొలిచిన గ్లాసుతోనే నీళ్ళూ కొలుస్తారు గనక, గ్లాసు పెద్దదైనా చిన్నదైనా పాళ్ళు మారవు.

ఈసారి ఇంటికి కిలో బియ్యం పొట్లం వచ్చినప్పుడు, మీ గ్లాసుతో సమంగా తుడుస్తూ ఎన్ని గ్లాసులవుతాయో లెక్కపెట్టండి. 1000ని ఆ సంఖ్యతో భాగించండి. వచ్చిన జవాబే మీ గ్లాసెడు బియ్యం బరువు. దాన్ని ఒక కాగితం మీద రాసి బియ్యపు డబ్బాకు అంటించండి. బియ్యం రకం మారితే లెక్క కాస్త మారుతుంది. అప్పుడు మళ్ళీ కొలవండి!