మా పల్లె మాటలు - 23: ఏప్రిల్‌లో రెండు నీలాలు

ఏప్రిల్ వస్తే నా ఫోన్ నిండా నీలమే. 2వ తేదీ ఆటిజం దినం. ఐక్యరాజ్యసమితి 2007లో తీర్మానం చేసింది, 2008 నుంచి జరుపుతా ఉన్నారు. పెద్ద పెద్ద కట్టడాలకు నీలి లైట్లు వేస్తారు. 14వ తేదీ బాబాసాహెబ్ జయంతి. మా పల్లెలో నీలి జెండాలు కడతాం. ఈ రెండు నీలాల్లో మా తమ్ముడు ఏ నీలం కింద నిలబడాల? చాన్నాళ్లుగా నన్ను తింటా ఉన్న ప్రశ్న ఇది. కొంచెం పొడుగవుతుంది, ఓపిక చేసుకొని చదవండి.

మాది చిత్తూరుకూ తిరుపతికీ మధ్యలో, రోడ్డుకు లోపలగా ఉండే ఒక మాదిగపల్లె. ఊరికీ మాకూ నడుమ ఒక వంక. తమ్ముడికి ఇప్పుడు ఇరవై ఆరేళ్లు. నాలుగేళ్లదాకా మాట రాలేదు. వచ్చినాక కూడా మనం అన్నదే తిరిగి అంటాడు. "అన్నం తింటావా?" అని వాడే వచ్చి మనల్ని అడిగితే, వాడికి ఆకలిగా ఉందని అర్థం. మొహంలోకి చూడడు. సంగటి పళ్లెంలో ఊరుబిండి కుడిపక్కనే పెట్టాల. ఎడమపక్క పెడితే ఆ పూట పస్తే.

ఊరు వాడికి మూడు పేర్లు పెట్టింది. మూగోడు, పిచ్చోడు, మెంటలోడు. ఇంట్లో మేం చేసిన వైద్యం తాయెత్తులు, మంత్రాలు, మొక్కుబళ్లు. గుండు కొట్టిస్తే మాటలొస్తాయని ఎవరో చెప్పినారు. తల మీద కత్తి ఆనితే వాడికి ప్రాణం పోయినట్టు ఉంటుందని మాకు అప్పుడు తెలీదు. నలుగురం కలిసి కదలకుండా పట్టుకున్నాం. ఆ అరుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ఆ నలుగురిలో నేనొకడిని.

'ఆటిజం' అనే మాట మా ఇంట్లోకి వచ్చేసరికి వాడికి పంతొమ్మిదేళ్లు. అమెరికాలో లియో కానర్ అనే డాక్టరు పిల్లల్లో ఈ లక్షణాలను వివరించి రాసింది 1943లో. ఆ మాట మా వంక దాటడానికి డెబ్బై ఏళ్లకు పైనే పట్టింది.

మన సంఘాల్లోనే కొందరు అన్నలు అంటారు, "ఆటిజం డబ్బున్నోళ్ల జబ్బు తమ్ముడూ, మనకు భూమి సమస్య ఉంది, దాడులు ఉన్నాయి, ఇదొకటా?" అని. అన్నా, మొదట ఇది జబ్బు కాదు. మెదడు పుట్టుకతోనే వేరే తీరుగా అల్లుకోవడం. రెండోది, డబ్బున్నోళ్ల దగ్గర ఎక్కువగా కనిపించేది ఆటిజం పేరు. ఆటిజం మన పల్లెల్లోనూ ఉంది, పేరు లేకుండా ఉంది. వాళ్ల బిడ్డకు రెండేళ్లకే థెరపీ మొదలవుతుంది. మన బిడ్డకు రెండేళ్లకే తాయెత్తు పడుతుంది.

సర్టిఫికెట్ సంగతి చెబుతాను. ఆటిజం ఎంత ఉందో కొలిచేదానికి మన దేశంలో ఐసా అని ఒక కొలమానం ఉంది. సికింద్రాబాద్‌లోని జాతీయ మానసిక వికలాంగుల సంస్థ తయారు చేసింది. 40 అంశాలు. మార్కులు 70 దాటితే ఆటిజం ఉన్నట్టు. 40 శాతం వైకల్యం ఉంటేనే సర్కారు మేళ్లు. మనిషిని చూస్తారు, తల్లిదండ్రులనూ అడుగుతారు. మా అమ్మను అడిగినారు, "ఎన్నో నెలలో వేలు పెట్టి చూపించినాడు? ఎన్నో నెలలో పేరు పిలిస్తే తిరిగి చూసినాడు?" అని. తెల్లారకముందే చెనిక్కాయలు పెరికేదానికి పోయి, పొద్దుగూకినాక ఇంటికొచ్చిన మనిషి ఆమె. "పెద్ద వాన పడిన యేడు నడిచినాడు సార్" అనింది. ఆ జవాబును ఏ గడిలో రాయాలో ఎదురుగా ఉన్నాయనకు తెలీలేదు. ఆ కాగితం అడిగేది తల్లి జ్ఞాపకాన్ని అనుకుంటాం. నిజానికి అది ఆ తల్లికి బిడ్డ పక్కన కూర్చునే తీరిక ఉండిందా అని అడుగుతుంది. కూలి చేసే తల్లికి ఆ తీరిక ఎవరిచ్చినారు?

పోయిన ఏడాది వికలాంగుల పింఛన్లకు మళ్లీ పరీక్షలు పెట్టినారు. నెలకు 6,000 రూపాయలంటే మా ఇంట్లో చిన్న మాట కాదు. దొంగ సర్టిఫికెట్లు ఏరేస్తామంటే నేనూ కాదనను. అయితే ఆటిజం పుట్టినప్పటినుంచి చచ్చేదాకా ఉండేది. మళ్లీ రమ్మన్నప్పుడల్లా అమ్మ మొదటి బస్సుకు వాడిని తీసుకొని పోవాల. బస్సు హారన్‌కు వాడు చెవులు మూసుకొని కింద కూలబడతాడు. ఎక్కేవాళ్లు, దిగేవాళ్లు చూసి నవ్వుతారు. తగ్గనిదాన్ని తగ్గిందేమోనని పదేపదే కొలవడానికి మా అమ్మ కాళ్లే దొరికినాయా?

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మా తమ్ముడికి ఆవులు తెలుసు. మా జిల్లాల్లో పాడి లేని ఊరు లేదు. ఆవు నెమరు వేసే తీరు చూసి దానికి ఒంట్లో బాగలేదని ఒక రోజు ముందే కనిపెడతాడు. బెదిరిన ఆవును కొట్టడు, అరవడు. పక్కన పోయి నిలబడతాడు, అంతే. అది నెమ్మదిస్తుంది. ఊళ్లో ఒక రైతు నాలుగేళ్లుగా తెల్లారి నాలుగింటికి వాడిని పిలిపించుకొనేవాడు. ఇచ్చేది రెండు పూటల అన్నం, పండగకు ఒక చొక్కా. కూలి అడిగితే, "మతి లేనోడికి దుడ్లు ఎందుకురా?" అన్నాడు.

ఇదే పని చేసిన ఒక ఆమెను ప్రపంచమంతా గౌరవిస్తుంది. టెంపుల్ గ్రాండిన్. 1947లో అమెరికాలో పుట్టింది. ఆమెకూ ఆటిజం ఉంది. గొడ్లకు ఏ నీడ చూస్తే బెదురు, ఏ మలుపులో ఆగిపోతాయి అని గొడ్డు కళ్లతో చూసి, కబేళాల్లో అవి బెదరకుండా నడిచే వంపు దారులు గీసింది. కొలరాడో స్టేట్ యూనివర్సిటీలో ప్రొఫెసర్ అయింది. నేను ఆమెను తక్కువ చేయడం లేదు. ఆమె గురించి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. గొడ్డు మనసూ, గొడ్డు తోలూ తెలిసిన కులం మాది. ఆ తెలివి అక్కడ సైన్సు అయింది. ఇక్కడ వెట్టి అయింది. మా తమ్ముడి మీద రెండు వెట్టిలు పడినాయి, ఒకటి కులానిది, ఇంకొకటి 'మతి లేనోడు' అనే మాటది.

చట్టం ఏం చెబుతుందో చూద్దాం. 1995 వికలాంగుల చట్టంలో ఆటిజం పేరే లేదు. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టంలోకి వచ్చింది. 2016 చట్టం 21 రకాల వైకల్యాల్లో దాన్ని చేర్చింది. ఆ చట్టం 92వ సెక్షన్ చదవండి. నలుగురూ చూసే చోట వికలాంగుడిని కావాలని అవమానిస్తే ఆరు నెలల నుంచి ఐదేళ్ల జైలు. ఎక్కడో విన్నట్టు లేదూ? మన 1989 ఎస్సీ, ఎస్టీ అత్యాచార నిరోధక చట్టంలోని మాటలే దాదాపు అక్కడా ఉన్నాయి. శిక్ష కూడా అదే. 2020లో ఆర్యన్ రాజ్ కేసులో సుప్రీంకోర్టు కూడా వికలాంగులు సామాజికంగా వెనకబడినవాళ్లేనని, ఎస్సీ, ఎస్టీలకు ఇచ్చే సడలింపులు వాళ్లకూ ఇవ్వాలని చెప్పింది. చట్టానికి మన రెండు గాయాలూ ఒకే తీరువని తెలిసింది. మన సంఘాలకే ఇంకా తెలీలేదు.

నేను చేసింది కూడా చెప్పాల. కూలి ఇస్తేనే పంపుతామని రైతుకు చెప్పి మూడు వారాలు తమ్ముడిని ఆపేసినాను. వాడు రోజూ నాలుగింటికి లేచి తలుపు దగ్గర నిలబడి, "ఆవు దగ్గరికి పోదామా" అని గోడతో అన్నాడు. నా న్యాయం కోసం వాడికి శిక్ష వేస్తున్నానా అని కుమిలిపోయినాను. ఆఖరుకు రైతు దిగి వచ్చినాడు. ఇప్పుడు కూలి వస్తుంది, పక్కవాడికన్నా వంద తక్కువ. కొట్లాట అయిపోలేదు.

ఇంకొకటి మన గురించే. పలక మన గుండె చప్పుడు అంటాం. జయంతినాడు పలకలు మోగితే నాకు ఒళ్లు పులకరిస్తుంది. వాడికి అది నరకం. ఎనిమిదేళ్లు వరసగా జయంతి రోజు వాడిని ఇంట్లో పెట్టి బయట గడి పెట్టినాం. బయట 'సమానత్వం' అని నేనే మైకులో మాట్లాడినాను. ఊరు మనల్ని వంక అవతల పెట్టింది. మనం వాడిని తలుపు అవతల పెట్టినాం. తిరుపతి గంగమ్మ జాతరలో బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం వేసుకొని జనం వీధుల్లో తిరుగుతారు. ఆ వారం ఎవరెంత వింతగా ఉన్నా ఎవరూ ఏమనరు. ఏడాది పొడుగునా తనలాగే ఉండేవాడికి మాత్రం ఒక్క పూట చోటు లేదు.

ఈ ఏడాది ఒక పని చేసినాం. పలకలను సభ అయినాక రోడ్డు మొదట్లో కొట్టాలని పల్లెలో మాట్లాడుకున్నాం. పెద్దోళ్లు కొంచెం గొణిగినారు, ఒప్పుకున్నారు. ఎవరి తర్వాత ఎవరు మాట్లాడతారో ముందురోజే తమ్ముడికి వరసగా చెప్పినాం. వాడు వచ్చి వేపచెట్టు కింద నలభై నిమిషాలు ఉన్నాడు. తర్వాత లేచి ఆవుల దగ్గరికి పోయినాడు. ఎవరూ ఆపలేదు, ఎవరూ నవ్వలేదు.

సంఘాల అన్నలకు, అక్కలకు నా విన్నపం. 2011 జనాభా లెక్కల్లో ఆటిజానికి వేరే గడి లేదు. 2027 లెక్కల్లో కులం రాస్తామంటున్నారు. కులంతో పాటు ఆటిజం కూడా లెక్కపెట్టమని అడుగుదాం. మండలంలో భవిత కేంద్రం ఎక్కడుందో, అక్కడికి మన పల్లెల నుంచి ఎంతమంది బిడ్డలు పోతున్నారో చూద్దాం. మన గురుకులాల్లో, హాస్టళ్లలో ఇలాంటి పిల్లలకు చదువు చెప్పే టీచరు ఉన్నారా అని అడుగుదాం. సగం కూలికి పని చేస్తున్న 'పిచ్చోళ్లు' ప్రతి పల్లెలో ఉన్నారు. వాళ్ల కూలి లెక్క రాద్దాం.

మా అమ్మకు అరవై దాటింది. రాత్రి పడుకునే ముందు ఒకటే అడుగుతుంది, "నా తర్వాత వీడు యాడుంటాడు నాయనా?" అని. నా ఇంట్లో అని చెప్పడం సులువు. ఆమె అడిగేది ఇంటి గురించి కాదు.

జై భీమ్.