మాల తీశాక...?

కార్తీకం వచ్చిందంటే అనకాపల్లి వీధుల్లో నల్లబట్టల స్వాములు కనిపిస్తారు. అందులో కుర్రాళ్లూ ఉంటారు. నిన్నటిదాకా సాయంత్రమైతే వైన్‌షాపు దగ్గర తేలినవాడు తెల్లారకముందే చన్నీళ్ల స్నానం చేసి శరణుఘోష అందుకుంటాడు. 41 రోజులు చుక్క ముట్టడు. 'ఈ మాల ఏడాదంతా ఉంటే ఎంత బాగుణ్ను' అనుకుంటుంది తల్లి. కొండకెళ్లొచ్చి మాల తీశాక... చాలామంది మళ్లీ మామూలే!

మరి ఆ 41 రోజులూ ఎలా మానగలిగాడు? భక్తి ఒక్కటే కాదు. దీక్షలో ఉంటే కన్నతండ్రి కూడా 'స్వామీ' అంటాడు. పొద్దున లేచింది మొదలు ఏదో ఒక పని ఉంటుంది. భజనకీ భిక్షకీ తోటి స్వాములుంటారు. 'ఒక్క పెగ్గేరా' అనేవాడు దగ్గరికి రాడు. గౌరవం, దినచర్య, తోడు... మాలతోపాటే ఈ మూడూ పోతాయి. అక్కడే వస్తుంది చిక్కు. గురుస్వామి ఆ తర్వాత కూడా వారానికోసారి పలకరిస్తే, సాయంత్రాలు గడపడానికి వేరే చోటుంటే కథ మారొచ్చు.

అలాగని అందరికీ మాలే మందు కాదు. ముస్లిం కుర్రాడికి రంజాన్, క్రైస్తవుడికి శ్రమదినాలు అలాంటి అవకాశమే. ఏజెన్సీలో జీలుగు కల్లు పండగలో భాగం. అక్కడికెళ్లి 'తాగడం పాపం' అంటే ఊరిని తిట్టినట్టే. హద్దు ఎక్కడో వాళ్ల పెద్దలే వాళ్ల భాషలో చెప్పాలి.

మన మాటల్లో, మనవాళ్లు చెబితే ఫలితం ఉంటుందని గోవాలో తేలింది. అక్కడి ఆరోగ్య కేంద్రాల్లో, అతిగా తాగే 377 మంది మగవాళ్లపై అధ్యయనం చేశారు. వాళ్లలో కొందరికి మామూలు వైద్యంతోపాటు, శిక్షణ పొందిన స్థానికులు నాలుగు విడతలకు మించకుండా కౌన్సెలింగ్ ఇచ్చారు. మూడు నెలల తర్వాత చూస్తే, గత రెండు వారాల్లో మందు ముట్టనివాళ్లు వీరిలో 42 శాతం. కౌన్సెలింగ్ లేనివారిలో 18 శాతమే. 2017లో 'లాన్సెట్' ఈ ఫలితాలు ప్రచురించింది.

గంజాయిదీ ఇదే కథ. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో పోలీసులు సుమారు 2 లక్షల కిలోల గంజాయిని తగలబెట్టారు. సరుకు బూడిదైంది. దానికి అలవాటుపడ్డ కుర్రాడి మాటేమిటి? వాడిక్కావలసింది కేసు భయం కాదు, తలదించుకోకుండా చెప్పుకోగల మనిషి.

ఒక్క జాగ్రత్త. రోజూ ఎక్కువగా తాగేవాళ్లు ఉన్నట్టుండి మానేస్తే చేతులు వణకడం, ఫిట్స్, మతి తప్పడం లాంటివి రావొచ్చు. ప్రాణాల మీదికీ రావొచ్చు. అలాంటివారు మాల వేసుకునేముందే డాక్టర్‌ని కలవాలి. సలహా కోసం 14446కి ఉచితంగా ఫోన్ చేయొచ్చు.

మాల తీసేరోజు ఎప్పుడో అందరికీ ముందే తెలుసు. ఆ సాయంత్రం ఎవరితో, ఎక్కడ గడపాలో కూడా ముందే అనుకుంటే మంచిది.