కోతకు ముందు కొలత

తొంభై ఏళ్ల నాటి ఫోర్డు కారు షెడ్డులో చెక్క దిమ్మెలపై నిలిచి ఉంటుంది. చక్రాలు ఉంటాయి గాని ఇరుసుపై స్ప్రింగులు ఉండవు. ఇంజను ఉన్నట్లే కనిపిస్తుంది గాని అందులో పిస్టన్లు ఉండవు. డ్రైవరు సీటుకు బదులు పాత కుర్చీ, డాష్‌బోర్డుకు బదులు అట్టముక్క అమరి ఉంటాయి. తెలియనివారికి అది డబ్బు చాలక మధ్యలో ఆగిపోయిన పనిలా తోస్తుంది. తెలిసినవారు మాత్రం అసలు పని జరుగుతున్నది అక్కడేనంటారు. అమెరికాలో ‘హాట్ రాడ్’లుగా ప్రసిద్ధి చెందిన పాత కార్ల పునర్నిర్మాణంలో ఈ దశ పేరు ‘మాకప్’. ఒక్క భాగాన్నీ శాశ్వతంగా అతకక ముందే బండినంతటినీ తాత్కాలికంగా కూర్చి చూసుకోవడమే దీని సారాంశం.

ఇది సంపన్నుల సరదాకు సంబంధించిన చిన్న విషయమే కావచ్చు. అయినా వాహనాలను ముందు మార్చివేసి, ఆ తర్వాత ఆలోచించడం అలవాటైపోయిన మన దేశం ఈ పద్ధతి నుంచి నేర్చుకోవలసింది చాలానే ఉంది.

ఎండిన సరస్సుల నుంచి

హాట్ రాడ్ సంస్కృతి దక్షిణ కాలిఫోర్నియాలో పుట్టింది. 1930వ దశకంలో అక్కడి యువకులు పాత ఫోర్డు కార్లను చౌకగా కొని, బరువు తగ్గించి, ఇంజన్లకు పదును పెట్టి, మ్యురాక్ వంటి ఎండిన సరస్సు మైదానాలలో వేగ పరీక్షలకు దిగేవారు. 1932లో ఫోర్డు కంపెనీ 65 అశ్వశక్తిగల వి-8 ఇంజనుతో సామాన్యుల ధరకు కారును విడుదల చేయడంతో ఈ ఉత్సాహానికి ఊతం లభించింది. 1937లో దక్షిణ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్, 1951లో నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్ ఏర్పడి, వీధి పందేలకు అలవాటుపడిన యువకులను నియమబద్ధమైన క్రీడవైపు మళ్లించాయి. 1948 జనవరిలో ఆరంభమైన ‘హాట్ రాడ్’ పత్రిక ఈ విద్యను దేశమంతటా వ్యాపింపజేసింది.

ఆ రోజుల్లో పాత కారు విలువ స్వల్పం. కోత తప్పితే పాతసామాను దుకాణానికి వెళ్లి మరొకటి తెచ్చుకునేవారు. నేడు ఆ పరిస్థితి లేదు. 1932 నాటి అసలు ఉక్కు బాడీ దొరకడమే అరుదు. దానిపై రంపం ఒకసారి పడితే ఆ చరిత్ర శకలం తిరిగి రాదు. మాకప్ ప్రాముఖ్యం పెరగడానికి ఇదే ప్రధాన కారణం.

క్రమం తప్పని విద్య

ఈ పనికి ఒక క్రమం ఉంది. మొదట నిర్ణయం కావలసినవి చక్రాలు, టైర్లు. బండి నేల నుంచి ఎంత ఎత్తున నిలవాలన్నది వాటిపైనే ఆధారపడుతుంది. ఆ ఎత్తున చాసిస్‌ను దిమ్మెలపై నిలిపి, దానిమీద బాడీని ఉంచుతారు. ఆ తర్వాత ఇంజను వంతు. బరువైన అసలు ఇంజనుకు బదులు లోపలి భాగాలు తీసివేసిన ఖాళీ బ్లాకునో, అదే కొలతలతో తయారైన తేలికపాటి నమూనానో వాడతారు.

సమస్యలన్నీ ఇక్కడే బయటపడతాయి. షెవర్లే 1955లో ప్రవేశపెట్టిన వి-8 ఇంజనుకు డిస్ట్రిబ్యూటర్ వెనుకవైపున ఉంటుంది. పాత ఫోర్డులో దానిని అమర్చబోతే అది ఫైర్‌వాల్‌కు తగులుతుంది. ఇంజనును ముందుకు జరిపితే రేడియేటర్ ఫ్యానుకు చోటు చాలదు. ఫోర్డు సొంత ఇంజన్లు కొన్నింటికి డిస్ట్రిబ్యూటర్ ముందువైపునే ఉన్నా, ఆయిల్ సంప్ సైతం ముందుకే ఉండి అడ్డుకమ్మీకి తగులుతుంది. స్టీరింగ్ కడ్డీ ఎగ్జాస్టు గొట్టాన్ని తాకుతుందా, చక్రాన్ని పూర్తిగా తిప్పినప్పుడు టైరు మడ్‌గార్డును రాస్తుందా, గోతిలో పడి ఇరుసు పైకి లేచినప్పుడు చాసిస్‌ను కొడుతుందా అన్న ప్రశ్నలకు కాగితం మీది లెక్కలు పూర్తి సమాధానం చెప్పలేవు. స్ప్రింగులు తీసివేసి, ఇరుసును చేతితో పైకీ కిందికీ కదిపి చూసినప్పుడే జవాబు తెలుస్తుంది.

ఈ దశలో అతుకులన్నీ చుక్కల వెల్డింగులే. దర్జీ తుది కుట్టుకు ముందు వేసే కచ్చా కుట్టు వంటివి ఇవి. నచ్చకపోతే తేలికగా విప్పవచ్చు. బ్రాకెట్లను ముందు అట్టతో కత్తిరించి చూసి, సరిపడిన తర్వాతే రేకుపై గీత గీస్తారు. పైకప్పును కుదించదలచినవారు ఎంత తగ్గించాలో రంగు టేపు అంటించి దూరం నుంచి చూస్తారు. కిటికీ స్తంభాలు ఏటవాలుగా ఉంటాయి కాబట్టి మధ్యలో ముక్క తీసివేస్తే పైభాగం కింది భాగంతో కలవదు. ఈ సంగతి రంపం పట్టకముందు తెలిస్తే నేర్పు, పట్టిన తర్వాత తెలిస్తే నష్టం. చివరగా యజమాని స్వయంగా కూర్చుని పెడళ్లకు కాలు అందుతున్నదా, తల కప్పుకు తగులుతున్నదా అని చూసుకోవాలి. ఇవన్నీ కుదిరాకే బండిని మళ్లీ విడదీసి, పూర్తి వెల్డింగ్ చేసి, ఆపైన రంగు వేస్తారు. తొందరపడి ముందే రంగు వేసినవారు ఆ రంగుపైనే రంధ్రాలు వేసుకోవలసి వస్తుంది.

పెద్ద కంపెనీలు సైతం ఈ దారినే నడిచాయి. జనరల్ మోటార్స్ 1927లో హార్లీ ఎర్ల్ ఆధ్వర్యంలో రూపకల్పన విభాగాన్ని నెలకొల్పింది. రేకును ముట్టుకోకముందే బంకమట్టితో కారు ఆకృతిని మలచి చూసే పద్ధతికి అక్కడ ప్రాచుర్యం లభించింది. కోట్ల డాలర్లు గల సంస్థకే అవసరమైన జాగ్రత్త, సొంత జీతం ఖర్చుపెట్టుకునే మెకానిక్కుకు అనవసరమెలా అవుతుంది?

ఆక్షేపణలు, సమాధానాలు

మాకప్ వల్ల కాలహరణమనీ, చేతివాటం తెలిసిన పనివానికి కంటిచూపే కొలబద్ద అనీ వాదించేవారు లేకపోలేదు. వారి వాదనలో కొంత నిజం ఉంది. తొలితరం హాట్ రాడ్లు అత్యధికం కంటి అంచనాతోనే రూపొందాయి. అయితే ఆ బండ్లను నడిపింది మనుషులు లేని సరస్సు మైదానాలలోనన్నది మరువరాదు. జనసమ్మర్దం గల రహదారిపై స్టీరింగ్ కడ్డీ బిగుసుకుపోతే మూల్యం చెల్లించేది యజమాని ఒక్కడే కాదు. పైగా చాలా పనులు సగంలో నిలిచిపోవడానికి సోమరితనం కారణం కాదు. ఒక తప్పును సరిదిద్దబోయి మరో రెండు తప్పులలో చిక్కుకోవడమే కారణం. ‘ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు’ అన్న సామెత చెప్పినవారు పాత కారును తిరగగట్టి ఉంటే మూడోది కూడా చేర్చేవారేమో!

మన దేశంలో పరిస్థితి

భారతదేశంలో హాట్ రాడ్ సంస్కృతి వేళ్లూనకపోవడం సహజమే. స్వాతంత్ర్యానంతరం దశాబ్దాల తరబడి కారు దొరకడమే గగనమైన దేశంలో దానిని కోసి ఆడుకునే తాహతు ఎవరికీ లేకపోయింది. అయితే మార్పిడి విద్య మనకు కొత్తది కాదు. పాత జీపులను తిరగగట్టడంలో పంజాబ్, హర్యానా షెడ్లు పేరు గడించాయి. చిత్రవిచిత్రమైన ఆకారాల కార్లను స్వయంగా నిర్మించి ప్రదర్శించే మ్యూజియం హైదరాబాద్‌లోనే ఉంది.

చట్టం మాత్రం ఈ విద్యను అనుమానంతోనే చూస్తున్నది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ నిబంధనను కచ్చితంగా పాటించాలని స్పష్టం చేసింది. అదే ఏడాది జరిగిన సవరణతో అక్రమ మార్పు ఒక్కొక్కదానికి రూ. 5,000 జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించే వీలు కలిగింది. ఇంధన మార్పిడి కిట్లకు, వికలాంగులకు అనువైన మార్పులకు మినహాయింపులున్నాయి. మరోవంక 2021 నాటి వింటేజ్ వాహనాల నిబంధనలు 50 ఏళ్లు దాటి, అసలు రూపం చెడని బండ్లకే ప్రత్యేక రిజిస్ట్రేషన్ గౌరవాన్ని పరిమితం చేశాయి. అంటే పాత కారు చాసిస్‌నో ఇంజనునో గణనీయంగా మార్చిన యజమాని ఈ గౌరవాన్ని కూడా కోల్పోతాడు. ఏది మార్చవచ్చు, ఏది మార్చరాదు అని ముందుగా చూసుకోవలసిన అవసరం అమెరికా యజమానికన్నా మనవారికే ఎక్కువ.

బస్సులకూ ఇదే సూత్రం

అసలు ఆందోళన కలిగించవలసినవి షోకు కార్లు కావు, నిత్యం వందల మందిని మోసే బస్సులు. చాసిస్ ఒకచోట, బాడీ మరోచోట, ఆపై మార్పులు ఇంకోచోట జరగడం మన రవాణా రంగంలో మామూలైపోయింది. 2025 అక్టోబర్ 24న కర్నూలు జిల్లాలో హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్తున్న బస్సు మోటార్‌సైకిల్‌ను ఢీకొని దగ్ధమైన దుర్ఘటన తర్వాత, సీట్ల స్థానంలో బెర్తుల అమరిక గురించి, అత్యవసర ద్వారాల గురించి తీవ్రమైన ప్రశ్నలు తలెత్తాయి. మంటలకు తక్షణ కారణం ఢీకొనడమే కావచ్చు. కాని పై బెర్తులో నిద్రించే వ్యక్తి చీకటిలో, పొగలో ఎటు దిగి ఎటు బయటపడాలన్నది బస్సు కట్టకముందే కూర్చి, పడుకుని, దిగి చూసుకోవలసిన విషయం. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం ప్రతి ప్రమాదం తర్వాతా చూస్తున్నదే.

పెద్ద తయారీదారులు నమూనా వాహనాన్ని అధీకృత సంస్థలకు సమర్పించి ఆమోదం పొందిన తర్వాతే ఉత్పత్తి ప్రారంభించాలన్న నియమం కేంద్ర మోటారు వాహనాల నిబంధనలలో ఎప్పటినుంచో ఉంది. బస్సు బాడీలకూ ప్రత్యేక ప్రమాణాలున్నాయి. లోపమల్లా తదనంతర మార్పులు, చిన్న షెడ్ల పనులు ఈ చట్రంలోకి సక్రమంగా రాకపోవడమే. బ్రిటన్‌లో ఒక వ్యక్తి స్వయంగా నిర్మించుకున్న లేదా సమూలంగా మార్చుకున్న వాహనాన్ని విడిగా పరీక్షించి అనుమతించే ఏర్పాటు ఉంది. అమెరికాలో పలు రాష్ట్రాలు స్ట్రీట్ రాడ్లకు వేరే రిజిస్ట్రేషన్ తరగతిని కల్పించాయి.

అటువంటి ద్వారం ఇక్కడా తెరవడం అవసరం. మార్పు తలపెట్టినవారు ముందు కొలతలతో కూడిన నమూనాను ఇన్‌స్పెక్టర్‌కు చూపి, లోపాలు సరిదిద్దుకుని, ఆ తర్వాతే వెల్డింగ్‌కు పూనుకునే విధానం ఏర్పడితే నిజాయితీపరునికి దారి దొరుకుతుంది, అడ్డదారి పట్టేవానికి సాకు పోతుంది. అన్నింటినీ నిషేధించి, ఆపైన చూసీచూడనట్లు ఊరుకోవడం కన్నా ఇది మేలైన మార్గం. చుక్క వెల్డింగ్‌ను విప్పడానికి పది నిమిషాలు చాలు. దారి తెరుచుకోని బస్సులో ప్రయాణికులకు ఆ పది నిమిషాలు కూడా ఉండవు.