పత్రిక ఏమైనట్టు?

2016 దాకా మా బెజ్జంకి కరీంనగరం జిల్లాలో వుండేది. ఆ ఏడు అక్టోబరులో సిద్దిపేట జిల్లాలోకి వచ్చింది. ఊరు గజమైనా కదలలేదు. లక్ష్మీనరసింహస్వామి తన గుళ్ళోనే వున్నాడు. చిరునామా మాత్రం మారింది. పాత జిల్లా పేరు రాసినా ఉత్తరం చేరుతూనే వుంది. పోస్టుమాను ఎరిగినవాడు గనక.

ఈ సంగతి ఎందుకు ఎత్తానంటే, పరిశోధన చేస్తున్న మా వీధి కుర్రవాడికి పదేళ్ళనాటి వ్యాసం ఒకటి కావలసి వచ్చింది. కాగితం మొహం చూడకుండా ఇంటర్నెట్టులోనే వెలువడిన పత్రిక అది. ఫోనులో నొక్కితే అలాంటి పుటే లేదన్నది. “ఏడబోయింది తాతా?” అన్నాడు.

అది రెండు విధాల పోవచ్చు. ఒకటి, ఇల్లు మారి వుండవచ్చు. దీనికి డీ.ఓ.ఐ. అని, వ్యాసానికొక శాశ్వత సంఖ్య యిస్తారు. ప్రచురణకర్త కొత్త చిరునామాను ఆ సంఖ్య కింద నమోదు చేయిస్తే పాఠకుడు సరైన గుమ్మానికి చేరతాడు. మా పోస్టుమాను పనే అనుకోండి. రెండోది, ఇల్లే లేకపోవడం. పత్రిక నడిపిన ఆచార్యుడు రిటైరవుతాడు. సర్వరు అద్దె కట్టే నాథుడుండడు. అప్పుడు పోస్టుమాను మాత్రం ఏం చేస్తాడు? ఉచితంగా చదువుకోనిచ్చే విద్వత్పత్రికలు 2000–2019 మధ్య 174 ఇలా మాయమైనట్టు 2021లో అచ్చయిన ఒక పరిశోధన లెక్క తేల్చింది.

1924లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు మొదలుపెట్టిన ‘భారతి’ 1991లో ఆగిపోయింది. ఆగిందేగాని పోలేదు. ఒక ఇంట్లో సంపుటం చెదలు తింటే ఇంకో ఊరి గ్రంథాలయంలో దొరికేది. ఇప్పటి గ్రంథాలయం చందా కట్టినా చాలాసార్లు తన బీరువాలోకి చేరేది ఏమీ లేదు. ప్రచురణకర్త ఇంట్లోకి కిటికీలోంచి తొంగిచూడడమే. తేడా అంతా ఇక్కడే వుంది.

దీన్ని గ్రహించి అమెరికాలో స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయంవారు 1999లో ‘లాక్స్’ అనే ఏర్పాటు మొదలుపెట్టారు. గ్రంథాలయాలు ఎవరి ప్రతి వారు దాచుకుంటాయి. వాటి కంప్యూటర్లు అప్పుడప్పుడు ఒకదాని ప్రతితో ఒకటి పోల్చుకుంటాయి. ఒకచోట అక్షరం చెడితే తక్కినవాటిని చూసి దిద్దుకుంటుంది. తాటాకుల కాలంలో మన పండితులు నాలుగు ప్రతులు ముందేసుకుని పాఠం తేల్చలేదూ? కడపలో బ్రౌను దొర చేయించిందీ ఆ పనే.

మన దగ్గరే చూడండి. ‘భారతి’ సంపుటాలు సహా ఎన్నో పాత తెలుగు పుస్తకాలను ఫొటోలు తీసి పెట్టిన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా 2017 ప్రాంతంలో కాపీరైటు చిక్కులతో మూతపడింది. అప్పటికే ఇంటర్నెట్ ఆర్కైవుకు ప్రతులు చేరి వుండబట్టి మనం ఇవాళ వాటిని చదువుకుంటున్నాం.

రాతిమీద చెక్కితే చాలదా అంటారా? కరీంనగరం జిల్లా కురిక్యాల దగ్గర బొమ్మలగుట్టమీద పదో శతాబ్దంలో జినవల్లభుడు చెక్కించిన కందపద్యాలున్నాయి. గ్రానైటు క్వారీలు ఆ గుట్ట దాకా వచ్చి చరిత్రకారులను హడలగొట్టాయి. దాని పాఠం ఎత్తి అచ్చువేసుకున్నాం గనక, రాయికి ఏమైనా పద్యం మాత్రం దక్కుతుంది.

తెలుగుకు ఇంకో తంటా వుంది. యూనికోడు రాకముందు ఎవరి ఫాంటు వారిదే. ఆనాటి ఫైలు భద్రంగానే వున్నా, ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరిస్తే పిచ్చిగీతలు కనిపిస్తాయి. ప్రతి వుండీ చదవలేం! నన్నడిగితే యూనికోడులోకి మార్చి దాచిందే దాచినట్టు.

పత్రికకు వ్యాసం పంపేవారు పారితోషికం సంగతి తర్వాత చూసుకోవచ్చు. ముందు సంపాదకుణ్ణి, “అయ్యా, మీ పత్రిక ప్రతులు మీ దగ్గర కాక ఇంకా ఎక్కడెక్కడ వున్నాయి?” అని అడగండి. ఆయనకు కోపం వస్తే రానివ్వండి.