పాట పాపాయికా, అమ్మకా?

మా బుడ్డిది పుట్టినప్పుడు మేం ఇంగ్లండులో ఉన్నాం. విజిటర్ వీసా ఆర్నెల్లూ అయిపోగానే అత్తయ్యగారు వెళ్ళిపోయారు. నేను ఆఫీసుకి, మా ఆవిడ నాలుగ్గోడల మధ్య. సాయంత్రానికి ఆమె కళ్ళల్లో నీళ్ళు. "నిద్ర చాలట్లేదు, అంతే" అని సరిపెట్టుకున్నాను. డీబగ్ చెయ్యకుండానే బగ్ క్లోజ్ చెయ్యడమన్నమాట!

ఎవరో చెబితే లైబ్రరీలో జరిగే 'రైమ్ టైమ్'కి వెళ్ళడం మొదలెట్టింది. పిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని తల్లులంతా గుండ్రంగా కూర్చుని ఓ అరగంట పాడతారు. డబ్బు కట్టక్కర్లేదు, గొంతు బాగుండక్కర్లేదు. నెల తిరిగేసరికి మా ఇంట్లో మళ్ళీ కూనిరాగాలు వినబడ్డాయి.

ఇది మా ఇంటి ముచ్చటే అనుకునేరు! బ్రిటన్లో 134 మంది తల్లులతో చేసిన పరిశోధన 2018లో అచ్చయింది. ప్రసవానంతర డిప్రెషన్ లక్షణాలు ఎక్కువగా ఉన్నవాళ్ళలో, పది వారాలు పిల్లలతో కలిసి పాడినవారు, మామూలు వైద్యం మాత్రమే అందినవారికన్నా త్వరగా తేరుకున్నారట. అలాగని పాట డాక్టరుకి బదులు కాదు లెండి.

మన ఊళ్ళలో ఈ పని ఉయ్యాల చుట్టూ చేరే అమ్మమ్మలు, పిన్నులు చేసేవాళ్ళు. గచ్చిబౌలి అపార్టుమెంట్లలో చాలామందికి ఆ భాగ్యం లేదు. క్లబ్ హౌసులు మాత్రం పగలంతా ఖాళీయే. వారానికో అరగంట అక్కడ లాలిపాటలు పాడుకోలేమా?

నాన్నలూ రావాలండోయ్. నాకైతే ఒక్క లాలిపాటా పూర్తిగా రాదు, ముందే చెప్తున్నా!