నా పుస్తకాల సంచి - 7: రూతు చెబుతుంటే వినాలి



పోయిన ఆదివారం కూడికలో జి. కళ్యాణరావు గారి ‘అంటరాని వసంతం’ మీద మాట్లాడుకున్నాం. ఒక తమ్ముడు "ఏడ్చేశానన్నా" అన్నాడు. ఇంకొకాయన "శిల్పం సడలింది" అన్నాడు. రెండు మాటలూ నాకు రుచించలేదు.

కరువులో ఊరొదిలిన శివయ్య, శశిరేఖలను బకింగ్‌హామ్ కాలువ పని దగ్గరా కులం అడిగి తరిమారు. అక్కడ నాకొచ్చింది కోపం, కన్నీళ్లు కాదు.

ఇక శిల్పం. ఎన్నెలదిన్ని ఎల్లన్న పాట కట్టాడు, ఆట ఆడాడు. ఆ పాటకు సాహిత్య చరిత్రలో చోటేదని కదా నవల అడుగుతున్నది! రూతు తరాలను తలుచుకుంటూ చెబుతుంది, కథ ముందుకీ వెనక్కీ నడుస్తుంది. మా అమ్మ చెప్పినా అంతే. దాన్ని సడలిందంటే మన అమ్మల నోటికి శిల్పం లేదన్నట్టే.

అమ్మకు చదువు రాదు. హాస్టల్ సెలవుల్లో ఈ పుస్తకం పైకి చదివి వినిపించాను. సుభద్ర దగ్గరికి రాగానే "ఆగు, మా అవ్వా ఇట్లాంటిదే" అని మొదలుపెట్టింది. ఆ రాత్రి మరో పేజీ తిరగలేదు. మా ముత్తవ్వ పేరు నాకు తెలిసింది అప్పుడే.

నా ప్రతి మీలో ఎవరి దగ్గరో తిరుగుతోంది. వచ్చే ఆదివారం తీసుకురండి, సుభద్ర దగ్గర్నుంచి పైకి చదువుదాం. కుదిరితే అమ్మల్నీ వెంటబెట్టుకు రండి.