తాడు పట్టుకునే మనిషి ఉంటేనే ఉన్నోడు

మన సీమలో ఆస్తిపరుణ్ణి "ఉన్నోడు" అంటాం. పేదవాణ్ణి "లేనోడు" అంటాం. ఏం ఉంటే ఉన్నోడు? ఏం లేకపోతే లేనోడు? ఆ రెండు మాటల్లో డబ్బు అనే పదమే లేదు, గమనించారా? డబ్బు అని మనమే లోపల కలుపుకొని చదువుకుంటున్నాం.

ఒకసారి నల్లమల వైపు చూడండి. నిన్నటిదాకా కర్నూలు జిల్లా, ఇప్పుడు నంద్యాల జిల్లా అయిన ఆత్మకూరు, శ్రీశైలం అడవుల్లో చెంచు గూడేలున్నాయి. 1975లో కేంద్ర ప్రభుత్వం "ఆదిమ గిరిజన సమూహాలు" అని విడిగా గుర్తించడం మొదలుపెట్టింది. దానికి పెట్టుకున్న కొలతలేమిటి? వ్యవసాయానికి ముందటి కాలపు బతుకుతెరువు, తక్కువ చదువు, పెరగని లేదా తగ్గిపోయే జనాభా. చెంచులు ఆ జాబితాలో ఉన్నారు. ఆ గుర్తింపు వల్ల పథకాలు వచ్చాయి, కాదనను. కానీ ఆ కొలతలన్నీ లేనివాటి లెక్కే. వీళ్లకు ఏం ఉందని ఎవరడిగారు?

ఏముందో నేను చెప్తా, వినండి. అహోబిలం నరసింహస్వామి చెంచులక్ష్మిని పెళ్లాడాడని సీమంతా చెప్పుకుంటుంది. ఏటా సంక్రాంతి పండగప్పుడు పారువేట మొదలై, స్వామి పల్లకి చుట్టుపక్కల ఊళ్లు తిరుగుతుంది. దేవుడికే పిల్లనిచ్చిన ఇంటిని లేనోళ్ల ఇల్లు అందామా?

సరే, అది కథ అంటారు. బతుకులోది చెప్తా. కొండచరియకు పట్టిన తేనె తీయడానికి చెంచు పైనుంచి తాడు కట్టుకొని దిగుతాడు. కింద లోయ, చుట్టూ ఈగలు. పైన తాడు దగ్గర కాపలా ఉండేది ఎవరో తెలుసా? బావమరిది. భార్యకు తోడబుట్టినవాడు. తాడు జారితే తన చెల్లెలి బతుకే జారిపోతుంది కాబట్టి వాడు చేయి వదలడు. ఇంతకంటే గట్టి ఇన్సూరెన్సు మీకు తెలిస్తే చెప్పండి.

ఇది చెంచుల ఒక్కరి సంగతే అనుకోవద్దు. ఆదోని, కోసిగి వైపు పల్లెల నుంచి ఏటా సుగ్గికి పోతారు. ఇంటికి తాళమేసి, గుంటూరు మిరప చేలకు, తెలంగాణ పత్తి చేలకు. కదల్లేని ముసలమ్మను, బడికి పోయే పిల్లోణ్ణి పక్కింట్లో అప్పజెప్పి పోతారు చూడండి, ఆ పక్కింటి మనిషే వాళ్ల తాడు పట్టుకున్న మనిషి. ఇప్పుడు మీరే ఆలోచించుకోండి. బ్యాంకులో ఎంతుందో కాదు, మీ తాడు పైన ఎవరున్నారు?

అయితే ఇక్కడితో ఆపితే మోసం చేసినట్టే. "పాపం, డబ్బు లేకపోయినా అడవి బిడ్డలు ఎంత హాయిగా ఉంటారో" అనేది కడుపు నిండినోడి మాట. బిడ్డకు జ్వరమొస్తే మందు కావాలి, ఆస్పత్రికి దారి కావాలి, తెచ్చిన తేనెకు, బంకకు సరైన ధర కావాలి. డబ్బును మించిన సంపద ఉంది నిజమే. కానీ ఆ మాట అడ్డం పెట్టుకొని రావలసిన రూపాయి ఎగ్గొడితే ఊరుకోకూడదు.

ఇంకో సంగతి. తాడు ఎంత గట్టిదైనా, కట్టడానికి చెట్టుండాలి, దిగడానికి కొండ ఉండాలి. ఆ కొండ ఎవరిది? 2006 అటవీ హక్కుల చట్టం దీనికి జవాబు చెప్పింది. తేనె, మైనం, వెదురు, గడ్డలు, మందు మొక్కలు లాంటి చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద అడవి బిడ్డలకు యాజమాన్య హక్కు ఉందంది. ఏరుకోవడానికి దయతో ఇచ్చే పర్మిషన్ కాదు, యాజమాన్యం! చెంచుల్లాంటి ఆదిమ సమూహాలకు తమ ఆవాసం మీద సామూహిక హక్కు కూడా రాసింది. పులుల రిజర్వు అయినా సరే, గ్రామసభ అన్నీ తెలుసుకొని, రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప అక్కడి మనుషుల్ని కదిలించకూడదంది. మరి ఆ యజమాని చెక్‌పోస్టు దగ్గర సంచి విప్పి చూపించి బతిమాలుకోవలసి వస్తే ఏమనాలి? చట్టంలో ఉన్నోడు, గేటు దగ్గర లేనోడు.

అందుకే నా లెక్కలో, "వద్దు" అంటే ఆ మాట చెల్లే మనిషే ఉన్నోడు. 2019లో కృష్ణ అవతలి ఒడ్డున, అమ్రాబాద్ అడవిలో యురేనియం వెతుకుతామన్నారు. చెంచులు వద్దన్నారు. వాళ్ల వెంట ఊళ్లు, పట్నాలు గొంతు కలిపాయి. సెప్టెంబరు 16న తెలంగాణ అసెంబ్లీ యురేనియం తవ్వకాలు వద్దని ఏకగ్రీవంగా తీర్మానం చేసింది. ఇటు మన కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం గని నడుస్తోంది. బోరు నీళ్లు చెడిపోతున్నాయని, తోటలు దెబ్బతింటున్నాయని చుట్టుపక్కల రైతులు మొరపెట్టుకుంటూనే ఉన్నారు. వాళ్లలో తోటలున్నోళ్లు ఉన్నారు, డబ్బు చూసినోళ్లు ఉన్నారు. మాట చెల్లనప్పుడు ఆ డబ్బు ఏం కాపాడింది?

చదువుకున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక మాట. సామూహిక హక్కులకు ఫారం-బి, సామూహిక అటవీ వనరుల మీద హక్కుకు ఫారం-సి ఉన్నాయి. గూడేనికి పోయి, గ్రామసభతో కూర్చొని అవి నింపడానికి సాయం చేయండి. పాత రికార్డులు లేవని వెనక్కి తగ్గొద్దు. పెద్దవాళ్లు చెప్పిన మాటను రాసి పెడితే అది కూడా సాక్ష్యమేనని ఈ చట్టం కింద చేసిన నియమాలే చెబుతున్నాయి. ఏ గుట్ట పేరేమిటి, ఏ చరియకు తేనె పడుతుంది, ఏ వాగు ఎండాకాలంలో కూడా ఊరుతుంది, తాతల గోరీలు యాడున్నాయి — ఇవన్నీ తెలిసిన ముసలాయన ప్రతి గూడెంలో ఒకరిద్దరు మిగిలున్నారు. ఆయన తలలో ఉన్నదే ఆ గూడెం ఆస్తి. ఆయన ఉండగానే రాయించండి.